తూము మూలలో వినిపించిన మాట

మా నాన్న పాతికేళ్లుగా కలకత్తాకి చేపలు పంపుతున్నాడు. చెరువులున్న ఆసామీ కాదు. ఆకివీడులో ఐసు కొట్టి, ఒక వరస శీలావతి, ఒక వరస ఐసు పేర్చి, పెట్టెలు లారీకెక్కించే మేస్త్రీ. ఇన్నేళ్లలో ఆయన చేతుల మీదుగా ఎన్ని పెట్టెలు ఆ ఊరికి పోయాయో గానీ ఆయన మాత్రం విశాఖపట్నం దాటలేదు. పశువైద్య కాలేజీలో ఆఖరి ఏడు చదువుతున్న నన్ను చేపల ఆరోగ్యం గమనించే శిక్షణకి వారం రోజులు కోల్‌కతా రమ్మన్నప్పుడు, ఇంట్లో నాకంటే ఆయనే ఎక్కువ సంబరపడ్డాడు. "మన చేప అక్కడ ఎలా అమ్ముడుపోతందో చూసి రామ్మా" అన్నాడు.

చూసి వచ్చాను. వచ్చాక ఆయనకి చెప్పినవి కొన్నే. అన్నీ చెబితే ఇంకెప్పుడూ చెరువు గట్టు ఎక్కనివ్వడు. మిగతావి ఇక్కడ రాస్తున్నాను.

సంత్రాగాఛి

జనవరి నెల. రైలు ఆలస్యమై, తెల్లారాక హౌరాకి ముందున్న సంత్రాగాఛిలో దింపింది. దిగిన చోటు ఎలా ఉందో మాత్రం కనబడలేదు. అంత పొగమంచు. మన వైపు ధనుర్మాసంలో పట్టే మంచు పొద్దెక్కితే విడిపోతుంది. ఇది ఆ రకం కాదు. ప్లాట్‌ఫాం మీద నడిచే మనుషులకి మోకాళ్ల కింద ఏమీ లేనట్టుంది. పట్టాల అవతల ఎవరో రైలు పెట్టెలు కడుగుతున్న నీళ్ల చప్పుడు, దాని వెనకే ఒక ఆడగొంతు:

"ఓలే, ఆ పైపు ఇటియ్యే!"

తెలుగు! ప్రాణం లేచొచ్చింది. "ఎవరండీ అక్కడ? తెలుగువాళ్లా?" అని కేకేశాను. నీళ్ల చప్పుడు ఆగింది. జవాబు రాలేదు. మళ్లీ పిలవడానికి ఎందుకో నోరు రాలేదు. మంచులో అటువైపు ఎవరో నిలబడి నా వైపే వింటున్నారని మాత్రం తెలుస్తోంది.

పక్కన టీ కొట్టు ఉంది. మట్టి ముంతలో టీ, పది రూపాయలు. తాగాక ముంతని పగలగొట్టడం అక్కడి వాడుక. అందరూ పట్టాల మీదికి విసిరేస్తున్నారు. పొగమంచులో ఎక్కడో టప్, టప్ మని పగులుతున్నాయి. నాకు చేతులు రాక, ముంత కడిగి సంచిలో వేసుకున్నాను.

హౌరా

లోకల్ రైల్లో హౌరా చేరి, నాన్న కోసం ముందు చేపల బజారుకే వెళ్లాను. స్టేషను పక్కనే. తెల్లటి థర్మోకోల్ పెట్టెలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. కొన్నిటి మీద స్కెచ్ పెన్నుతో రాసిన అంకెలూ తెలుగు అక్షరాలూ కనిపించాయి. నాన్న చేతిరాత కోసం వెతికాను గానీ దొరకలేదు.

ఒక వ్యాపారి నేను పెట్టెలనే చూస్తూ ఉండడం గమనించి హిందీలో పలకరించాడు. మన శీలావతిని వాళ్లు రుయి అంటారు. "ఇది ఆంధ్రా రుయి దీదీ. కిలో నూట ఎనభై. బతికున్నది కావాలంటే అదిగో తొట్టెలో, మూడొందల యాభై." నాది ఆంధ్రానే అన్నాను. ఆయన మొహమాటపడకుండా నవ్వాడు. "మీ చేపకి రుచి లేదు. కానీ మీ చేప రాకపోతే మా ఊళ్లో సగం పెళ్లిభోజనాలు లేవు."

నాకు వింతగా తోచింది కొనేవాళ్ల తీరు. మన దగ్గర చేప బరువు చూస్తారు, బేరమాడతారు, కోయమంటారు. ఇక్కడ ముసలాయన దగ్గర్నుంచి ఆఫీసుకెళ్లే అమ్మాయి దాకా ముందు మొప్ప ఎత్తి లోపలి రంగు చూస్తున్నారు. నేను నాలుగేళ్లు చదివి నేర్చుకున్న మొదటి పరీక్ష ఈ ఊళ్లో అందరికీ వచ్చు.

భేరీ

నగరానికి తూర్పున, పెద్ద రోడ్డూ అద్దాల మేడలూ దాటగానే చెరువులు మొదలవుతాయి. అక్కడ వాటిని భేరీలంటారు. నగరం వాడి వదిలేసిన నీరంతా కాలువల్లో ఇక్కడికొస్తుంది. ఎండకీ నాచుకీ శుభ్రపడుతుంది. అందులోనే చేప పెరుగుతుంది. మన చెరువుల్లో తవుడూ చెక్కా బస్తాలు బస్తాలు గుమ్మరిస్తాం. ఇక్కడ మేత అంటే ఊరి మురికే. చెబితే ముక్కు మూసుకుంటారు గానీ, గట్టు మీద నిలబడితే ఉప్పుటేరు ఒడ్డున ఉన్నట్టే ఉంటుంది.

నాకు శిక్షణ ఇచ్చే కాకలీ మేడమ్ చేపల జబ్బుల నిపుణురాలు. నగరంలో లాబ్ చూసుకుంటూ రెండు రోజులకోసారి వచ్చేది. భేరీ పక్కనే రెండు గదుల ఇంట్లో నా బస. నా చేతికి ఆక్సిజన్ మీటరూ మైక్రోస్కోపూ కత్తెరల డబ్బా ఇచ్చి, "రోజూ పొద్దున్నే ఐదు చోట్ల నీరు కొలువు. చోటుకి మూడు చేపలు చూడు. చర్మం, మొప్పలు, కాలేయం. కనిపించింది రాయి. ఊహించింది రాయకు" అంది.

మొదటి పొద్దున గట్టు మీదికి వెళ్లి కొయ్యబారిపోయాను. పాలలాంటి మంచులో, నీటి మీద, పన్నెండు తలలు. మొండేలు లేవు. వరసగా తేలుతూ, ఒక్క మాట లేకుండా నా వైపు వస్తున్నాయి. ఒక్కో తల ముందూ ఒక్కో అల్యూమినియం కుండ. కాసేపటికి మెడలూ భుజాలూ బయటపడ్డాక గానీ, అది మెడలోతు నీళ్లలో వల లాగుతున్న జాలర్ల వరస అని తెలియలేదు.

ఆ వరసలో పెద్దవాడు నిమాయ్ దా. దా అంటే అన్న. యాభై దాటిన మనిషి. నా పడవ నడిపే పని ఆయనకే అప్పగించారు. హిందీ, బెంగాలీ కలిపి మాట్లాడేవాడు. సగం అర్థమయ్యేది.

తూము చూసుకునే మనిషి పేరు సింహాచలం. కాలువ నీటిని భేరీలోకి వదిలే ఇనుప తలుపు అతని చేతిలో ఉంటుంది. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి మున్సిపాలిటీ పనికి వచ్చిన కుటుంబం. నేను తెలుగమ్మాయినని తెలిసి పరిగెత్తుకొచ్చాడు.

"ఏ ఊరు పాపా మనది? ఆకివీడా? అదెక్కడుందో నాకు తెల్దు గానీ, మన బాస ఇంటే కడుపు నిండిపోద్ది. ఇక్కడ ఇంట్లోనే మాటాడతాం. మా పిల్లలకి సదవడం రాదు."

మధ్యాహ్నం అందరం కలిసి భోంచేసేవాళ్లం. ఆవనూనెలో వండిన చేపల జోల్, అందులో బంగాళాదుంపలు, కాలీఫ్లవరు. చింతపండు పులుసుకి అలవాటుపడ్డ నాలుకకి మొదటి రెండు రోజులూ అది చేపల కూరే అనిపించలేదు. వడ్డించేవాడు అన్నం వేస్తుంటే "చాలు, చాలు" అన్నాను. అతను ఇంకో రెండు గరిటెలు వేశాడు. "చాలు" అని అరిచాను. ఇంకా వేశాడు. సింహాచలం పగలబడి నవ్వాడు. "ఇక్కడ సాలు అంటే ఆపకు, నడిపించు అని పాపా! సెయ్యి అడ్డం పెట్టు."

తూము మూల

మూడో రోజు నా ఐదు చోట్లలో ఒకటి తేడాగా కనిపించింది. తూముకి ఎడమవైపు, గుర్రపుడెక్క దట్టంగా పట్టిన మూల. అక్కడ మూడు చేపలు చచ్చి తేలాయి. పుండు లేదు, పేను లేదు, పొలుసు ఊడలేదు. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాల్సింది ఊదారంగులో ఉంది. అడుగు బురద చేతికి తీస్తే కాటుకలా నల్లగా, మురిగిన కోడిగుడ్డు కంపు.

"నిమాయ్ దా, ఇక్కడ కాసేపు ఆపండి" అన్నాను.

ఆయన ఆపలేదు. నోటికి వేలు అడ్డంపెట్టి, గెడ వేసి పడవని దూరంగా నెట్టాక అన్నాడు. "ఆ మూలలో ఎవర్నీ పేరు పెట్టి పిలవకూడదు. ఎవరైనా పిలిస్తే పలకకూడదు. మూడోసారి పిలిస్తేనే పలకాలి. బతికినవాడైతే మూడోసారి పిలుస్తాడు. అది ఒకటి, రెండుసార్లకే ఆగిపోతుంది."

"ఏది?"

ఆయన గెడ ఇంకా బలంగా వేశాడు. సంత్రాగాఛిలో నా కేకకి ఎవరూ ఎందుకు పలకలేదో అప్పుడు తెలిసింది. మన ఊళ్లలోనూ ఒకప్పుడు తలుపుల మీద రాతలు రాసి దయ్యాన్ని రేపు రమ్మనేవారు కదా, అలాంటిదే అనుకున్నాను. కానీ ఆయన మొహంలో కథ చెప్పే సరదా లేదు.

"మీరెప్పుడైనా విన్నారా?"

"రెండుసార్లు. ఇలాంటి మంచులోనే. తూము దగ్గర్నుంచి. అందరం విన్నాం. 'దిగు' అంటుంది. దూరం నుంచి, దిగూ... అని. అది ఎవరి పేరో మాకు తెలియదు."

వాళ్లకది పేరు. నాకు కాదు. తూము పక్కన నేల కింద ఇటుకల గొయ్యి ఒకటుంది. ఇనుప తలుపు అడుగున చెత్త అడ్డుపడితే, దాన్ని తీయడానికి మనిషి దిగే గొయ్యి అది. ఆ గోతిలోంచి తెలుగులో 'దిగు' అని వినిపిస్తోందని ఆ బెంగాలీ మనిషికి ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

సాయంత్రం సింహాచలాన్ని ఆ పిలుపు గురించి అడిగాను. బీడీ పారేసి కాలితో నలిపాడు. "ఆళ్లకి పనేటుంది పాపా. గాలి పెట్టే సప్పుడు" అని లేచిపోయాడు.

నాలుగో రోజు ఏడు చేపలు. ఐదో రోజు లెక్కపెట్టడం మానేశాను. కాకలీ మేడమ్‌కి ఫోన్ చేస్తే "ఆ మూల అడుగు కుళ్లి విషవాయువు ఊరుతోంది. కొత్త నీరు వచ్చి అక్కడి నీరు కదలాలి. తూము ఎత్తమను" అంది. సింహాచలం దగ్గరికి వెళ్లి అదే చెప్పాను.

"తలుపు లేవట్లేదు పాపా. అడుగున ఏటో అడ్డం పడింది. గొయ్యిలోకి దిగాలంటే ముందునాడే మూత తీసీయాలి, లోపలి గాలి పోవాలి, మనుసులు ఉండాలి. ఆళ్లు సోమారం ఒస్తారు."

"సోమవారం దాకా ఆ చేపలు బతకవు" అన్నాను. డాక్టరు మాట్లాడినట్టు మాట్లాడాను. ఆ మాట ఎంత బరువైనదో అప్పుడు తెలియలేదు.

ఆరో రోజు పొద్దున

మంచు ఇంతకుముందు కన్నా చిక్కగా ఉంది. ఆకు కదలడం లేదు. పడవ తూము మూలకి వస్తుండగా ఒక చప్పుడు వినిపించింది. చప్, చప్, చప్ మని. వేలమంది పెదాలు విడదీస్తున్నట్టు. దగ్గరికెళితే నీటి మీద నోళ్లు. నీరు కనపడనన్ని నోళ్లు. శీలావతులూ బొచ్చెలూ నిలువుగా లేచి, గాలి కోసం నోళ్లు తెరిచి మూస్తున్నాయి. అన్నీ మాకేసే తిరిగి ఉన్నాయి. మీటరు ముంచితే అంకె సున్నా దగ్గర నిలిచిపోయింది.

నిమాయ్ దా నన్ను గట్టు మీద దింపి, "వల వాళ్లని తీసుకొస్తా. ఈ చేపల్ని అవతలికి తోలాలి. ఇక్కడే ఉండు" అని మంచులోకి వెళ్లిపోయాడు. కాసేపు గెడ చప్పుడు వినిపించింది. తరవాత నోళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

తూము వైపు నడిచాను. గొయ్యి మూత తీసి ఉంది. ఇనుప చక్రానికి ఒక తాడు కట్టి ఉంది. రెండో కొస గోతిలోకి దిగింది. పక్కన సింహాచలం చెప్పులు జాగ్రత్తగా జతగా పెట్టి ఉన్నాయి.

నా మాటకే దిగాడని అర్థమైంది.

"సింహాచలం గారూ!"

మురిగిన గుడ్డు కంపు గుప్పుమంది. ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని గోతి మీదికి వంగాను. లోపల మసక. రెండు నిలువుల లోతు. అడుగున నడుం లోతు నీళ్లలో, గోడకి ఆనుకుని, తల వాల్చి కూర్చున్నాడు. పసుపు చొక్కా. నిద్రపోతున్నట్టే ఉన్నాడు. నడుముకి తాడుంది. లాగాను. కదల్లేదు. ఇంకా వంగాను. అప్పుడు కంపు పోయింది. ఒక్కసారిగా, దీపం ఆర్పినట్టు. హమ్మయ్య, గాలి తేటపడిందనుకున్నాను.

ఇనుప మెట్టు మీద ఒక కాలు పెట్టాను. రెండోది. మూడో మెట్టు మీద ఉండగా నా తల గోతి అంచుకి కొంచెం పైన ఉంది.

"దిగకు."

కింద నుంచి. స్పష్టంగా. మగగొంతు. ఆగిపోయాను. ఆయనకి తెలివి ఉందనుకుని సంతోషంతో కిందికి చూశాను. తల అలాగే వాలి ఉంది. గడ్డం నీటికి తగులుతోంది. పెదాలు మూసే ఉన్నాయి. ఆ మూసిన పెదాల వైపు నేను చూస్తూ ఉండగానే, ఇంకా దగ్గరగా, నా చెవి కిందే అన్నట్టు:

"దిగకు!"

ఎలా పైకొచ్చానో గుర్తులేదు. గట్టు మీద బోర్లా పడ్డాను. గడ్డి తడి మొహానికి తగిలింది. నాలుగు ఊపిర్లు పీల్చాక ఆ కంపు మళ్లీ వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న వాక్యం. ఆ వాయువు కొద్దిగా ఉంటే వాసనేస్తుంది. ప్రాణం తీసేంత ఉంటే ముక్కు చచ్చిపోయి వాసన తెలియదు.

"నిమాయ్ దా!"

నీటి అవతల మనుషుల అలికిడి ఆగింది. ఎవరూ పలకలేదు.

"నిమాయ్ దా!"

వాళ్లు వింటున్నారు. వింటున్నారని నాకు తెలుసు. రెండుసార్లకి ఆగిపోతే నేను బతికిన మనిషిని కానని వాళ్ల నమ్మకం. పిడికిలితో గుండె మీద కొట్టుకుని మూడోసారి అరిచాను.

"ఆశ్ఛీ!" వస్తున్నా! వెంటనే నీళ్లు చిమ్ముకుంటూ పరుగులు.

నలుగురు తాడు పట్టారు. ఒక కుర్రజాలరి మెట్టు మీద కాలు పెట్టబోతే చొక్కా పట్టి వెనక్కి లాగాను. సింహాచలం పైకొచ్చాడు. పెదాలు నీలం. ఊపిరి లేదు. గాలి తగిలే చోటికి ఈడ్చుకెళ్లి పడుకోబెట్టాక, అందరూ నా వైపు చూశారు. నేను డాక్టర్ దీదీని. అప్పటిదాకా నేను ఛాతీ నొక్కి బతికించింది ఒక దూడనీ, రెండు మేకపిల్లల్నీ. మోకాళ్ల మీద కూర్చుని, చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కడం మొదలుపెట్టాను. మనిషి ఛాతీ దూడదాని కంటే గట్టిగా ఉంటుందని ఆ రోజు తెలిసింది. చేతులు పడిపోతున్నాయనగా ఆయన గొంతులోంచి గుర్రుమని శబ్దం వచ్చింది. నల్లటి నీళ్లు కక్కాడు. నిమాయ్ దా నేల మీద కూలబడి ఏడ్చాడు.

ఆసుపత్రి వరండా

మోటారు వ్యానులో వేసుకుని ఆసుపత్రికి చేర్చాం. ఆక్సిజన్ పెట్టారు. మధ్యాహ్నానికి కళ్లు తెరిచాడు. డాక్టరు బయటికొచ్చి, "అడుగు మోపగానే స్పృహ పోయిందట. మూత తీసింది, దిగింది గుర్తుంది, ఆ తరవాత ఏమీ లేదంటున్నాడు" అని చెప్పాడు.

బెంచీ మీద నిమాయ్ దా నా పక్కకి జరిగాడు. "నువ్వెందుకు దిగలేదు?" అని అడిగాడు. తప్పుపట్టడం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

"దిగుతున్నాను. ఆయనే వద్దన్నారు. 'దిగకు' అన్నారు. రెండుసార్లు."

"వాడా? వాడికి స్పృహే లేదు కదా." నా వైపు తిరిగి, "ఏమంది? మళ్లీ చెప్పు" అన్నాడు.

"దిగకు."

ఆయన పెదాలతో మెల్లగా పలికి చూసుకున్నాడు. "దిగు... దిగ-కు. ఇదే. మేం విన్నది ఇదే. మధ్యలో మాట తెగి వినిపించేది."

"మా భాషలో దిగు అంటే దిగమని. దిగకు అంటే దిగొద్దని."

అప్పుడు ఆయన చెప్పాడు. పన్నెండేళ్ల కిందట అదే గోతిలో సింహాచలం అన్న రమణ పోయాడు. అప్పుడు పక్కన ఉన్నది సింహాచలం ఒక్కడే. అతను దిగలేదు. అన్న లోపల పోతుంటే తమ్ముడు పైన నిలబడ్డాడని భేరీ అంతా చెప్పుకుంది. ఆ మరుసటి చలికాలం నుంచే పిలుపు వినిపించడం మొదలైంది. దిగని తమ్ముడి కోసం అన్న పిలుస్తున్నాడని, దొరికినవాణ్ణి లాక్కుంటాడని అనుకున్నారు.

"పన్నెండేళ్లు పాపిష్టివాడని భయపడ్డాం" అని నిమాయ్ దా రెండు చేతులూ నుదుటికి ఆనించుకున్నాడు. "మనల్ని కాపలా కాస్తున్నాడు."

నేను చదువుకున్నది వేరు. ఆ వాయువు మెదడుకెక్కితే లేనివి వినిపిస్తాయి. తూము మూల గురించి ముందే విని ఉన్నాను. భయపడ్డ మనసే ఆ మాటని తయారుచేసుకుని ఉండొచ్చు. కాకలీ మేడమ్ అదే అంది. నేను కాదనలేదు. కానీ ఆ గొంతు నాది కాదు.

టాంగ్రా

తిరుగు రైలు ఆదివారం సాయంత్రం. మధ్యాహ్నం సింహాచలం ఇంటికి వెళ్లాను. పొద్దున్నే ఆసుపత్రి నుంచి పంపించారట. టాంగ్రా పేటలో సందులో సందు. ఒక్క గది. గోడకి ఆనించిన మంచం మీద, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పలకరిస్తే చెయ్యి ఊపాడు.

అతని తల్లి అప్పలనరసమ్మ నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టింది. ఎండుచేపా వంకాయా కలిపి కూర. చింతపండు మనదే, నూనె మాత్రం ఆవనూనె. నాలుగు ముద్దలు తిన్నాక ఆమె నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నిమాయి సెప్పినాడు. నీకేటో మాట ఇనిపించిందంట."

మంచం వైపు చూశాను. అతను కదల్లేదు. "ఏమో అవ్వా. ఆ గాలి పీల్చాను కదా. భ్రమే అయ్యుండొచ్చు."

"బెమో గిమో, ఏటినిపించింది? నాకు సెప్పు."

"దిగకు అని."

ఆమె ఆ మాటని నోట్లో పెట్టుకున్నట్టు పెదాలు బిగించింది. "ఎలగన్నాడు? బయపడీసి అన్నాడా? కోపంగా అన్నాడా?"

ఆ ప్రశ్న అడగడానికి ఆమె పన్నెండేళ్లు ఆగిందని నాకు అర్థమైంది. ఆమెకి నచ్చే జవాబు ఏదో నాకు తెలియదు. అందుకని అబద్ధం చెప్పే దారి లేదు. కళ్లు మూసుకుని ఆ మెట్టు మీద నిలబడి చూశాను. బండ్ల మధ్యకి ఉరికే తమ్ముణ్ణి రెక్క పట్టి వెనక్కి గుంజే అన్న గొంతు అది.

"కోపంగానే అవ్వా. కసిరినట్టు."

అప్పుడు మంచం మీద నుంచి, గోడకే చెబుతున్నట్టు మాట వచ్చింది.

"అవునమ్మా. కోపంగానే. ఆ దినం నాను సగం దిగీసినాను. కసిరీసినాడు. దిగకురా అని. పైకొచ్చీసినాను. మరింకేటీ అన్లేదు."

"ఇన్నాళ్లూ సెప్పలేదేటిరా?"

"ఏటని సెప్పను? అన్న సచ్చిపోతంటే నిలబడి సూసినోడు, ఆడే ఒద్దన్నాడంటే ఎవులు నమ్ముతారు? నువ్వైనా నమ్ముదువా?"

ముసలామె గోడ పట్టుకుని లేచింది. మంచం దగ్గరికి నడిచి, అంచు మీద కూర్చుని, కొడుకు తల మీద చెయ్యి వేసింది. నెరిసిన జుట్టులోకి వేళ్లు పోనిచ్చి, చిన్నపిల్లాడి తల సవరించినట్టు సవరించింది.

"పెద్దోడి మాట ఇన్నావు. మంచి పని సేసినావు నాయినా."

అతని వీపు కదలడం మొదలైంది. నేను కంచం తీసుకుని సందులోని కుళాయి దగ్గరికి వచ్చాను. కడగడం అయిపోయాక కూడా చాలాసేపు కుళాయి తిప్పే ఉంచాను.